థైలీరియా నుంచి కోలుకున్న ఆవు రక్తంలో ఇంకా పరాన్నజీవి కనిపిస్తే మళ్లీ మందు వేయాలా?

మీరు రాసిన విషయం ముందుగా ఒకచోట పెట్టుకుంటాను. కర్ణాటక నుంచి తెచ్చిన ఎనిమిది హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవుల్లో ఒకటి జులైలో చనిపోయింది. రెండు థైలీరియాతో, అంటే పిడుదులు మోసే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బుతో, మంచం పట్టి దాని మందైన బుపార్వాక్వోన్ ఇంజెక్షన్‌తో బతికాయి. అదే కొట్టంలో, అవే పిడుదులు పట్టిన సాహివాల్ ఆవుకు, రెండు ముర్రా గేదెలకు ఏమీ కాలేదు. కోలుకున్న ఒక ఆవు రక్తాన్ని మళ్లీ పరీక్ష చేయిస్తే ‘థైలీరియా పైరోప్లాజములు అక్కడక్కడా ఉన్నాయి’ అని, అంటే ఎర్ర రక్తకణాల్లో ఆ పరాన్నజీవి ఇంకా ఉందని, రిపోర్టు వచ్చింది. మరో ఇంజెక్షన్ వేయాలా, మందుల దుకాణంలో ఇస్తామంటున్న ‘ఇమ్యూనిటీ’ టానిక్ పట్టాలా, టీకా ఇప్పుడు పనిచేస్తుందా, సాహివాల్‌కు ఎందుకు రాలేదు అన్నవి మీ సందేహాలు.

సూటిగా జవాబులు ముందు చెబుతాను. జ్వరం లేకుండా, మేత తింటూ, పాలిస్తున్న ఆవుకు కేవలం రిపోర్టు చూసి మళ్లీ ఇంజెక్షన్ వేయనక్కరలేదు. టానిక్ మీద పెట్టే డబ్బు దండగ. కోలుకున్న రెండింటికి టీకా అవసరం లేదు. మిగిలిన ఐదింటికి, ఇకపై మీ కొట్టంలో పుట్టే దూడలకు కావాలి. సాహివాల్ సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. ఈ జబ్బు అసలు స్వభావం అక్కడే బయటపడుతుంది. చాలామంది రైతులు, కొందరు పశువైద్యులు కూడా దీన్ని ‘శక్తి తగ్గి వచ్చిన జబ్బు’ అనుకుంటారు. ఆవును కుంగదీసేది చాలావరకు దాని సొంత రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి విజృంభించడమే.

మన ప్రాంతంలో సంకర ఆవులను చంపే రకం థైలీరియా ఆన్యులేటా. దీన్ని మోసేది హయలోమా అనటోలికమ్ అనే పిడుదు. మనం అన్నింటినీ కలిపి గోమార్లు అనేస్తాం గానీ, ఇది పొడవాటి కాళ్లతో, కాళ్ల మీద లేత రంగు పట్టీలతో, చురుగ్గా పాకే ముదురు గోధుమరంగు రకం. చిన్న దశలో జబ్బు పశువు రక్తం తాగినప్పుడు పరాన్నజీవి దీని ఒంట్లోకి చేరుతుంది. తాగిన పిడుదు రాలిపోయి, గోడల పగుళ్లలో దాక్కుని, పొర విడిచి, తరువాతి దశలో మరో పశువును పట్టినప్పుడు లాలాజలంతోపాటు దాన్ని ఎక్కిస్తుంది. గుడ్ల ద్వారా పిల్ల పిడుదులకు ఇది రాదు. ఇంకో మాట, పట్టిన గంటలోనే ఎక్కించదు. లాలాజల గ్రంథుల్లో స్పోరోజాయిట్లు అనే దశ పక్వం కావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. రోజూ ఆవును తడిమి పిడుదులు తీసే అలవాటుకు విలువ ఉన్నది ఇందుకే.

స్పోరోజాయిట్ ఆవు ఒంట్లోకి దిగగానే ఎర్ర రక్తకణాల జోలికి పోదు. అది వెతుక్కునేది తెల్ల కణాలను, అందులోనూ ముఖ్యంగా మాక్రోఫేజ్‌లను, కొంతవరకు యాంటీబాడీలు తయారుచేసే బి కణాలను. మాక్రోఫేజ్ చేసే పని ఏమిటి? బయటి నుంచి వచ్చిన క్రిమిని మింగి, ముక్కలు చేసి, ఆ ముక్కలను టి కణాలకు, అంటే శత్రువును గుర్తుపట్టి దాడి నడిపే తెల్ల కణాలకు, చూపించి ‘శత్రువు ఇదిగో’ అని చెప్పడం. థైలీరియా ఆ కాపలా కణంలోనే కాపురం పెడుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు ఉంటుంది వ్యవహారం. కణంలోకి దూరినప్పుడు తన చుట్టూ ఏర్పడిన పొరను కొద్దిసేపట్లోనే వదిలించుకుని కణద్రవంలో స్వేచ్ఛగా కూర్చుంటుంది. అందువల్ల మామూలు క్రిములను కరిగించే ఏర్పాటు దీన్ని అందుకోలేదు. తరువాత అనేక కేంద్రకాలున్న షైజాంటుగా పెరుగుతుంది. లింఫ్ గ్రంథి నుంచి సూదితో తీసిన ద్రవాన్ని గీమ్సా రంగు వేసి చూస్తే నీలంగా కనిపించే ‘కాక్స్ బ్లూ బాడీస్’ ఇవే.

ఇక్కడి నుంచి జరిగేది వింతగా ఉంటుంది. షైజాంట్ తాను ఉన్న కణాన్ని ఆగకుండా విభజన చెందేలా చేస్తుంది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను లాగే దారాలకు తానూ అతుక్కుని రెండు పిల్ల కణాల్లోకీ పంచుకుపోతుంది. అంటే ఒక్కో స్పోరోజాయిట్ నుంచి మొదలై, కణాల సంఖ్యతోపాటే పరాన్నజీవి సంఖ్యా పెరుగుతుంది. చూడటానికి అచ్చం లింఫ్ గ్రంథి క్యాన్సర్. తేడా ఏమిటంటే బుపార్వాక్వోన్ పడి పరాన్నజీవి చస్తే ఆ కణం విభజన ఆగి, అదీ చస్తుంది. ఇలా మందుతో వెనక్కి తిప్పగలిగిన క్యాన్సర్ లాంటి స్థితి మరోచోట దొరకడం కష్టం కనుక, క్యాన్సర్ పరిశోధకులు సైతం ఈ పశువుల జబ్బు మీద ఆసక్తి చూపిస్తుంటారు. మీ ఆవు భుజం ముందు గడ్డలా ఉబ్బిన గ్రంథిలో జరిగింది ఇదే.

మరి రోగనిరోధక వ్యవస్థ ఊరుకుంటుందా? ఊరుకోదు, అదే చిక్కు. సోకిన మాక్రోఫేజ్ మామూలు మాక్రోఫేజ్ కన్నా ఎక్కువ ఉద్రేకంతో టి కణాలను రెచ్చగొడుతుంది. ఎడిన్‌బరా పరిశోధకులు 1990ల్లో సోకిన దూడల లింఫ్ గ్రంథులను రోజుల వారీగా పరిశీలించి చూపిన విషయమిది: థైలీరియాను ఎన్నడూ చూడని టి కణాలు కూడా గుంపులు గుంపులుగా, ఏ లక్ష్యమూ లేకుండా ఉత్తేజితమవుతాయి. గామా ఇంటర్‌ఫెరాన్ అనే సంకేత పదార్థం విపరీతంగా విడుదలవుతుంది. యాంటీబాడీలను మెరుగుపరిచే బి కణాల కేంద్రాలు చెదిరిపోతాయి. గ్రంథి నిండా హడావుడి ఉంటుంది గానీ షైజాంటును గుర్తుపట్టి చంపగల టి కణాలు సమయానికి తయారు కావు. పైగా సోకిన కణాలు ఆ గ్రంథికి పరిమితం కావు. కణజాలాన్ని కరిగించే ఎంజైములు విడుదల చేసుకుంటూ కాలేయం, ప్లీహం, ఊపిరితిత్తులు, జీర్ణాశయం వరకు పాకుతాయి. అబోమేజంలో, అంటే నాలుగో కడుపులో, గుండ్రని పుళ్లు పడటం శవపరీక్షలో మేము చూసే ముఖ్య గుర్తు. చనిపోయిన మీ ఆవుకు శవపరీక్ష చేయించారో లేదో రాయలేదు. చేయించి ఉంటే అందులో ఈ మాట ఉందేమో చూడండి.

104 నుంచి 106 డిగ్రీల జ్వరం, మేత మానేయడం, కండ కరిగిపోవడం, ఇవన్నీ చాలావరకు ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ వంటి సైటోకైన్ల (కణాలు విడుదల చేసే సంకేత పదార్థాల) చలవే. చివరి దశలో షైజాంట్ల నుంచి విడుదలైన మీరోజాయిట్లు ఎర్ర కణాల్లోకి దూరి పైరోప్లాజములుగా మారతాయి. అప్పుడు వచ్చే రక్తహీనతలోనూ పరాన్నజీవి చేసే నష్టం కొంతే. దెబ్బతిన్నవనే అనుమానంతో తమ ఎర్ర కణాలనే ప్లీహంలోని మాక్రోఫేజ్‌లు మింగేయడం మరికొంత. అందుకే స్లైడులో పైరోప్లాజములు తక్కువగా ఉన్నా కళ్లు తెల్లగా పాలిపోయిన ఆవులు కనిపిస్తుంటాయి.

బతికిన ఆవు ఎలా బతికింది మరి? రక్షణ కల్పించే మార్గాలు వేరే ఉన్నాయి. మొదటిది తొలి మూడు నాలుగు రోజుల్లో. స్పోరోజాయిట్ కణంలోకి దూరి ఇంకా షైజాంటుగా ఎదగని ఆ కొద్ది కాలంలో, మాక్రోఫేజ్‌లు విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్, గామా ఇంటర్‌ఫెరాన్, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ దాని ఎదుగుదలను అణచగలవు. ఒకసారి షైజాంట్ స్థిరపడ్డాక అవే పదార్థాలు దాన్ని ఆపలేవు, ఆవును మాత్రం కుంగదీస్తాయి. ఒకే ఆయుధం వేళ దాటితే ఎవరి మీద పనిచేస్తుందో మారిపోతుందన్నమాట. రెండోది సి.డి.8 టి కణాల మార్గం. సోకిన కణం ఉపరితలం మీద పరాన్నజీవి ప్రొటీన్ ముక్కలను గుర్తించి, ఆ కణాన్నే చంపే కణాలివి. కోలుకున్న ఆవుల్లో, టీకా వేసిన ఆవుల్లో ఇవి స్పష్టంగా కనిపిస్తాయి. సహజ హంతక కణాలు, అంటే ఎన్.కె. కణాలు, వీటికి తోడుంటాయి.

యాంటీబాడీల పాత్ర ఇందులో చిన్నది. ఎలైసా అనే రక్తపరీక్షలో యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నాయని వస్తే ఆవు ఈ పరాన్నజీవిని ఎప్పుడో ఎదుర్కొందని మాత్రమే అర్థం. రక్షణ ఎంత ఉందో ఆ అంకె చెప్పదు. జున్నుపాలు తాగిన దూడకు తల్లి నుంచి యాంటీబాడీలు వస్తాయి, టి కణాల అనుభవం రాదు. తల్లి ఆవు థైలీరియాను తట్టుకుని నిలిచినదే అయినా దాని దూడ నెల, రెండు నెలల వయసులో భుజం గ్రంథులు ఉబ్బి, కనుగుడ్లు ముందుకు పొడుచుకొచ్చి చనిపోవడం సంకర జాతి మందల్లో చూస్తూనే ఉంటాం. ‘తల్లికి వచ్చి పోయింది కదా, దూడకు భయం లేదు’ అనుకోవద్దు. జున్నుపాలు తప్పకుండా పట్టండి, దాని అవసరాలు దానికున్నాయి. ఈ ఒక్క జబ్బు విషయంలో మాత్రం దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు మీ రిపోర్టు దగ్గరికి వస్తాను. కోలుకున్న ఆవు ఒంట్లోంచి థైలీరియా పూర్తిగా పోదు. ఎర్ర కణాల్లో చాలా తక్కువ సంఖ్యలో నెలలు, ఏళ్లు మిగిలి ఉంటుంది. అల్జీరియాలోని పాస్టర్ సంస్థలో పనిచేసిన ఎడ్మండ్ సెర్జెంట్ బృందం 1920ల్లోనే ఈ స్థితిని గమనించి ప్రిమ్యూనిషన్ అని పేరు పెట్టింది: పరాన్నజీవి కొద్దిగా మిగిలి ఉండటం, కొత్త దాడిని తట్టుకునే శక్తి ఉండటం, రెండూ కలిసే సాగుతాయి. ఆ మిగులు, దానితోపాటు పిడుదుల ద్వారా మళ్లీ మళ్లీ పడే చిన్న మోతాదులు, టి కణాల జ్ఞాపకాన్ని పదును తగ్గకుండా ఉంచుతాయి. అందుకే మీ ఆవు రక్తంలో అక్కడక్కడా పైరోప్లాజములు కనిపించడం ఆ ఆవుకు కీడు కాదు. వైద్యం ఆవుకు చేస్తాం, స్లైడుకు కాదు. జ్వరం, ఉబ్బిన గ్రంథి, పాలిపోయిన కళ్లు, తగ్గిన పాలు, ఈ నాలుగింటిలో ఏదీ లేనప్పుడు ఆ రిపోర్టును మడిచి దాచుకోండి.

ఆ ఆవు వల్ల మీ కొట్టంలోని పిడుదులకు పరాన్నజీవి అందుతుంది, అది నిజమే. కానీ మీ ముర్రా గేదెలు ఆ పని ఎప్పటి నుంచో చేస్తూ ఉండవచ్చు. గేదెలు ఈ పరాన్నజీవికి పాత ఆతిథ్య జాతి. వాటిలో సోకినా జబ్బు సాధారణంగా స్వల్పంగానే ఉంటుంది, రక్తంలో పైరోప్లాజములు మాత్రం తిరుగుతూ ఉంటాయి. ఒక ఆవుకు మందు వేసి ఊరంతటి మూలాన్ని తుడిచేయలేం.

అదీగాక బుపార్వాక్వోన్‌ను అవసరం లేనిచోట వాడటం ప్రమాదకరం. ఇది పరాన్నజీవిలోని సైటోక్రోమ్ బి అనే ప్రొటీన్ మీద పనిచేస్తుంది. ఆ జన్యువులో మార్పులు వచ్చి మందుకు లొంగని థైలీరియా ట్యునీషియా, ఇరాన్, సూడాన్ వంటి దేశాల్లో ఇప్పటికే బయటపడింది. దీనికి సాటి మందు మన చేతిలో మరొకటి లేదు. ఉన్నదాన్ని సరైన మోతాదులో వాడాలి: కిలో శరీర బరువుకు 2.5 మిల్లీగ్రాములు, అంటే మార్కెట్లో దొరికే 5 శాతం ద్రావణం 400 కిలోల ఆవుకు 20 మిల్లీలీటర్లు, మెడ కండరంలోకి. ఖరీదైన మందని సగం వేసి ఊరుకునేవాళ్లున్నారు. ఆ పొదుపు ఆవుకూ మంచిది కాదు, మందు భవిష్యత్తుకూ మంచిది కాదు. అవసరాన్ని బట్టి 48 నుంచి 72 గంటల తరువాత రెండో మోతాదు వేయాలా అన్నది వైద్యుడు ఆవును చూసి తేల్చాలి. ముదిరిన థైలీరియాను ఆక్సీటెట్రాసైక్లిన్ నయం చేయదు. బెరినిల్ పేరుతో తెలిసిన డైమినజీన్ పిడుదులు మోసే మరో రక్త పరాన్నజీవి బబీసియాకు మందు, దీనికి కాదు. రెండూ వేసి చూసి, మూడోరోజు బుపార్వాక్వోన్ దగ్గరికి వచ్చేసరికి సగం యుద్ధం ఓడిపోయి ఉంటాం.

సాహివాల్ సంగతి. ఇది చిన్నప్పటి నుంచి పిడుదుల మధ్య పెరిగి అలవాటుపడిందని సులువుగా చెప్పేయవచ్చు. అందులో కొంత నిజం ఉంది, కానీ పూర్తి సమాధానం అది కాదు. ఎడిన్‌బరా బృందమే థైలీరియాను ఎన్నడూ ఎదుర్కోని సాహివాల్, హోల్‌స్టీన్ దూడలకు ఒకే మోతాదు స్పోరోజాయిట్లు ఎక్కించి పోల్చి, 2005లో ఫలితాలు ప్రచురించింది. రెండు జాతులకూ సోకింది. సాహివాల్ దూడలకు జ్వరం తక్కువ, రక్తంలో పరాన్నజీవుల సంఖ్య తక్కువ, మందు లేకుండానే కోలుకున్నాయి. హోల్‌స్టీన్ దూడల పరిస్థితి తీవ్రమైంది. పాత అనుభవం రెండింటికీ లేదు కనుక తేడా పుట్టుకతో వచ్చిందే. వాపును సూచించే ఆల్ఫా-1 యాసిడ్ గ్లైకోప్రొటీన్ వంటివి హోల్‌స్టీన్ రక్తంలో ఎక్కువగా పెరిగాయి. సోకిన మాక్రోఫేజ్‌లను ప్రయోగశాలలో పోల్చినప్పుడు, కణాలు శరీరమంతా పాకడానికి తోడ్పడే టి.జి.ఎఫ్. బీటా-2 అనే సంకేత పదార్థం హోల్‌స్టీన్ కణాల్లో ఎక్కువగా ఉందని తేలింది. మరో విధంగా చెప్పాలంటే సాహివాల్ మాక్రోఫేజ్‌లు నిదానస్తులు. అవి అంతగా ఉద్రేకపడవు, అంత దూరం పాకవు. సాహివాల్ గెలిచింది ఎక్కువ శక్తితో కాదు, అదుపుతో.

ఇది చదివి సాహివాల్, గిర్, ఒంగోలు ఆవులకు థైలీరియా రాదని నిర్ణయించుకోకండి. పిడుదులు లేనిచోట పెరిగిన నాటు ఆవును, ముఖ్యంగా చూడితో ఉన్నదాన్ని, ఒక్కసారిగా విపరీతమైన పిడుదుల మధ్యకు తెస్తే దానికీ జబ్బు చేస్తుంది. ఈ జబ్బులో తీవ్రత మోతాదును బట్టి ఉంటుంది. సోకిన ఒక్క పిడుదు లాలాజల గ్రంథిలో స్పోరోజాయిట్లు వేల సంఖ్యలో ఉండగలవు. ఒకటి రెండు పిడుదులు పట్టడం వేరు, చెవులూ పొదుగూ నిండా పట్టడం వేరు. పిడుదు లాలాజలంలో చర్మం దగ్గర వాపును, రక్తం గడ్డకట్టడాన్ని అణచే పదార్థాలూ ఉంటాయి కనుక ఎక్కువ పిడుదులు ఉన్నచోట పరాన్నజీవికి దారి మరింత సులువు.

ఇంత చెప్పాక టానిక్ గురించి వేరే చెప్పాలా? ‘ఇమ్యూనిటీ పెంచే’ మందు ఏ రోగనిరోధక శక్తిని పెంచుతుందో ఆ సీసా మీద రాయరు. గ్రంథిలో లక్ష్యం లేకుండా కొట్టుకుంటున్న టి కణాలను ఇంకా రెచ్చగొట్టమంటారా? లివామిసోల్‌ను ఈ పేరుతో వేయడం మన దగ్గర చాలాకాలంగా ఉన్న అలవాటు. అది నులిపురుగుల మందు, నులిపురుగులకే వాడండి. ఇంకో వైపు జ్వరం తగ్గడం కోసం డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ వేసేవారున్నారు. ఆ పూటకు ఆవు లేచి మేత తింటుంది, రైతు సంతోషిస్తాడు, సి.డి.8 కణాలు మాత్రం అవసరమైన వేళ అణగారిపోతాయి. చూడి ఆవుకు వేస్తే ఈసుకుపోయే ప్రమాదం అదనం. జ్వరానికి మెలాక్సికామ్ వంటివి చాలు. కోలుకుంటున్న ఆవుకు కావలసినవి మంచి మేత, ఖనిజ మిశ్రమం, నీడ, నీళ్లు, రక్తం బాగా తగ్గి ఉంటే రక్త మార్పిడి. పశువుల్లో మొదటిసారి ఎక్కించే రక్తానికి సరిపోలిక చూడకపోయినా సాధారణంగా ఇబ్బంది రాదు. అయితే రక్తం ఇచ్చే ఆవును ముందు పరీక్షించాలి, లేకపోతే రక్తంతోపాటు అనాప్లాస్మా అనే మరో క్రిమినో బబీసియానో ఎక్కిస్తాం.

బబీసియా మాట వచ్చింది కనుక ఒక చిన్న పక్కదారి. మీ ఇతర ఆవుల్లో ఎప్పుడైనా మూత్రం కాఫీ రంగులో వస్తే అది థైలీరియా కన్నా బబీసియా అయ్యే అవకాశం ఎక్కువ. దాన్ని మోసేది రైపిసెఫాలస్ పిడుదు, తల్లి నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు కూడా అందుతుంది. పిడుదులే జబ్బును మోస్తాయని లోకానికి మొదటిసారి రుజువైంది ఈ జబ్బుతోనే, 1893లో స్మిత్, కిల్‌బోర్న్ అమెరికాలో టెక్సాస్ జ్వరం మీద ప్రచురించిన పనితో. ఇందులో రోగనిరోధకత నడిచే తీరు పూర్తిగా తిరగబడి ఉంటుంది. సుమారు తొమ్మిది నెలల వయసులోపు దూడలు బబీసియాను బాగా తట్టుకుంటాయి. వాటి ప్లీహంలో తొలి స్పందన వేగంగా వచ్చి నైట్రిక్ ఆక్సైడ్ సమయానికి అందుతుంది. పెద్ద ఆవులు మొదటిసారి ఎదుర్కొంటే కూలిపోతాయి. అందువల్ల దూడ వయసులోనే కొద్దిగా సోకి పోవడం అక్కడ మేలు చేస్తుంది. మహోనీ, రాస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1972లో ఈ సమతుల్యాన్ని లెక్కకట్టి చూపించారు. ఆ సూత్రాన్ని యథాతథంగా థైలీరియాకు వర్తింపజేసి ‘దూడలకు పిడుదులు పట్టనీయండి, అలవాటవుతుంది’ అని సలహా ఇచ్చేవారున్నారు. సంకర జాతి దూడల విషయంలో అది దూడలను చంపే సలహా.

టీకా. థైలీరియా ఆన్యులేటాకు టీకా మన హైదరాబాదులోనే తయారవుతుంది. ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ రక్షావ్యాక్-టి పేరుతో అమ్ముతుంది. ఇది చంపిన క్రిముల టీకా కాదు. షైజాంట్లు సోకిన ఆవు కణాలను ప్రయోగశాలలో దీర్ఘకాలం పెంచుతూ పోతే అవి క్రమంగా తీవ్రతను కోల్పోతాయి. కణజాలాన్ని కరిగించే ఎంజైములు తగ్గడంతో శరీరమంతా పాకే గుణం పోతుంది. మీరోజాయిట్లుగా మారే శక్తి కూడా తగ్గిపోతుంది కనుక ఎర్ర కణాల దశ, దానితో వచ్చే రక్తహీనత పెద్దగా ఉండవు. అలా మెత్తబడిన సజీవ కణాలనే ఆవుకు ఎక్కిస్తారు. ఆవు శరీరం ఆ పరాయి కణాలను తిరస్కరిస్తుంది, ఈలోగా పరాన్నజీవి ఆవు సొంత కణాల్లోకి మారి, నెమ్మదిగా పెరిగి, టి కణాలకు తీరిగ్గా పాఠం నేర్పుతుంది. అసలు జబ్బులో దొరకని వ్యవధి ఇందులో దొరుకుతుంది.

తూర్పు ఆఫ్రికాలో థైలీరియా పార్వా వల్ల వచ్చే ఈస్ట్ కోస్ట్ జ్వరానికి ఈ పద్ధతి సరిపడలేదు. ఆ పరాన్నజీవి పరాయి కణాల నుంచి ఆవు కణాల్లోకి అంత సులువుగా మారదు. అందుకని అక్కడ తీవ్రత తగ్గించని స్పోరోజాయిట్లను, దీర్ఘకాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్‌ను ఒకే రోజు ఇస్తారు. కెన్యాలోని ముగుగాలో 1970ల్లో రూపొందిన మూడు రకాల మిశ్రమం ఇందులో ప్రసిద్ధం. అక్కడి టి కణాలు ఒక రకాన్ని గుర్తిస్తే మరో రకాన్ని వదిలేసే గుణం ఎక్కువ కనుక మూడు కలపాల్సి వచ్చింది. ఆన్యులేటాలో ఈ ఇబ్బంది తక్కువ, మన టీకా వేర్వేరు ప్రాంతాల రకాల మీద బాగానే నిలుస్తుంది.

సజీవ కణాలు కావడంతో టీకాను ద్రవ నత్రజనిలోనే ఉంచాలి. బయటికి తీసి కరిగించాక వెంటనే వేయాలి. ఐస్ పెట్టెలో తెచ్చామని ఎవరైనా చెబితే నమ్మకండి. వేశాక రక్షణ ఏర్పడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లో రెండు జాగ్రత్తలు: పిడుదులు పట్టకుండా చూడటం, బుపార్వాక్వోన్ గానీ టెట్రాసైక్లిన్ గానీ వేయకపోవడం. ఆ మందులు టీకాలోని పరాన్నజీవినే చంపేస్తాయి. టీకా వేసిన ఆవుకు తరువాత పిడుదుల ద్వారా సోకదని కాదు. సోకుతుంది, జబ్బు ముదరదు. అది కూడా మీ కోలుకున్న ఆవులాగే రక్తంలో కాస్త మిగుల్చుకుని తిరుగుతుంది. ఏటా వేయించడం మంచిది. పిడుదులు అసలు లేని శుభ్రమైన ఫారాల్లో అయితే తప్పనిసరి, ఎందుకంటే అక్కడ టి కణాల జ్ఞాపకాన్ని గుర్తుచేసేది వేరే ఏదీ ఉండదు.

మీ ఐదు ఆవులకు వెంటనే టీకా వేయకండి. అవి జులై నుంచి అవే పిడుదుల మధ్య ఉన్నాయి, వాటిలో కొన్నింటికి ఇప్పటికే సోకి ఉండవచ్చు. వారం పాటు రోజూ సాయంత్రం జ్వరం చూసి రాసుకోండి, భుజం ముందు, తొడ ముందు గ్రంథులను రెండు వైపులా తడిమి పోల్చండి. 103 దాటినా, ఒక వైపు గ్రంథి పెద్దదైనా, రక్తంతోపాటు ఆ గ్రంథి నుంచి కూడా స్మియర్ (గాజుపలక మీద పూసి చూసే నమూనా) తీయించండి. తొలి రోజుల్లో పరాన్నజీవి గ్రంథిలో ఉంటుంది, రక్తంలో ఇంకా కనిపించదు. నిండు చూడితో ఉన్నవాటికి ఈనిన తరువాతే. మిగతావాటికి, ఆరోగ్యంగా ఉన్నాయని తేలాక, టీకా. దూడలకు రెండు నెలలు నిండగానే.

కొట్టం గోడలు మట్టివైతే పగుళ్లు సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టించండి. ఈ పిడుదు జీవితంలో ఎక్కువ భాగం గోడలోనే గడుపుతుంది, ఆవు మీద మందు చల్లి గోడను వదిలేస్తే పదిహేను రోజుల్లో మళ్లీ మొదటికే వస్తారు. డెల్టామెత్రిన్ లేదా అమిట్రాజ్‌ను సీసా మీద రాసిన మోతాదులో కలిపి ఆవుల మీద, గోడల మీద ఒకే రోజు చల్లించండి. గేదెలను, సాహివాల్‌ను వదలకండి. వాటికి జబ్బు లేదు కదా అని వదిలేస్తే మీ హెచ్.ఎఫ్. ఆవులకు పిడుదులను పెంచి ఇచ్చేవి అవే అవుతాయి. ఈసారి కొత్త ఆవులను కొంటే మార్చికి ముందే కొని, దిగిన వెంటనే పరీక్ష, ఆ తరువాత టీకా పూర్తి చేయించి, వేసవి పిడుదులు విజృంభించే లోపు రక్షణ ఏర్పడేలా చూసుకోండి.